వెళ్లిపోయే స్తోమత లేని రోజుల్లో నాకు తోడున్నవాళ్లకు

సర్దుకుపో అని ఒక్కరూ అనలేదు. ఇంకా ఎందుకున్నావు అక్కడ, వచ్చెయ్ అని కూడా ఎవరూ తొందరపెట్టలేదు. అందుకే ముందుగా మీ అందరికీ దండం.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మా ఆయనకూ నాకూ మధ్య కొట్లాటలు లేవు, పలకరింపులూ లేవు. పిల్లల ఫీజు, కరెంటు బిల్లు, అంతటితో మా మాటలు అయిపోతాయి. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేశాను, ఇంటి లోన్ మీద నా సంతకం కూడా ఉంది, నా పేరున విడిగా చిల్లిగవ్వ లేదు. ఇలా ఉన్నదాన్ని ఎక్కడికని వెళ్తాను?

లెక్కలు తెలిసిన అక్క మొదట అడిగింది ఒకటే: "నువ్వూ పిల్లలూ విడిగా ఉంటే నెలకు ఎంత కావాలి?" నా దగ్గర జవాబు లేదు. తనే పక్కన కూర్చుని అద్దె, అడ్వాన్సు, బడి, మందులు, బస్సు ఖర్చులు అన్నీ రాయించింది. అంతవరకు ఎలా బతుకుతానో అన్న భయానికి అంతే ఉండేది కాదు. అంకె కాగితం మీద పడ్డాక పెద్దదే అనిపించింది కానీ, ఎంత కూడబెట్టాలో తెలిసింది.

లాయరు స్నేహితురాలు చెప్పింది విని మాత్రం కాళ్లు చల్లబడ్డాయి. విడిపోయినా, లోన్ ఎవరు కట్టాలో మేమిద్దరం కాగితం రాసుకున్నా, బ్యాంకు ఒప్పుకుని నా పేరు తీసేదాకా నేనూ బాకీదారునే, ఆయన కట్టకపోతే నన్నూ అడుగుతారు. ఇది ముందే తెలియడం ఎంత మేలో ఇప్పుడు తెలుస్తోంది. తను చెప్పినట్టే పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, లోన్ పేపర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కిటికీ దగ్గర వెలుతురులో ఒక్కొక్కటీ ఫోటో తీసుకున్నాను. వాటిని దాచడానికి కొత్త మెయిల్ తెరిచినప్పుడు "రికవరీ నంబరు ఎవరిది పెట్టావు?" అని అడిగిన తమ్ముడూ, నీకు ప్రత్యేకంగా థాంక్స్. ఆ నంబరుకొచ్చే కోడ్‌తో మెయిల్ తెరవొచ్చని నిజంగా నాకు తట్టేది కాదు.

ఇంట్లో ఉంటూనే ఊపిరి తీసుకోవడం నేర్పిన అక్కకు ఏం చెప్పాలో తెలియట్లేదు. రాత్రిపూట డబ్బు మాట ఎత్తకు, పిల్లల చేత కబుర్లు పంపకు, ముఖ్యమైనది ఏదైనా మెసేజ్‌లో రాసిపెట్టు అంది. సాయంత్రం ఆయన ఏదైనా మాట్లాడతాడేమోనని ఎదురుచూసే ఆ గంట ఏదైనా కోర్సు నేర్చుకోవడానికి ఇవ్వమంది. ఇచ్చాను. ఎదురుచూడటం మానేసిన కొత్తలో చాలా ఏడుపొచ్చింది, ఎవరో పోయినట్టే ఉండేది. అప్పుడు తను ఏ సలహా ఇవ్వకుండా ఫోన్‌లో అలా వింటూ ఉండిపోయింది.

తను మాట్లాడిన ప్రతిసారీ "చెయ్యి చేసుకుంటున్నాడా, భయపెడుతున్నాడా?" అని కూడా అడిగేది. అదే ఉంటే ఈ ప్లాన్ ఏదీ పనికిరాదు, ముందు బయటపడాలి, డబ్బు సంగతి తర్వాత అని గట్టిగా చెప్పింది. ఇది చదివి, దెబ్బలు తింటూ డబ్బు పోగయ్యేదాకా ఆగాలని దయచేసి ఎవరూ అనుకోవద్దు. మీరు ఆగకండి, నమ్మకమైనవాళ్లకు ఈరోజే చెప్పండి.

ఇంటి నుంచి చేసే చిన్న పని ఇప్పించినవాళ్లకు కూడా ఎంతో రుణపడి ఉన్నాను. మొదటి జీతం నా ఒక్కదాని అకౌంట్లో పడిందని మెసేజ్ వస్తే మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఆ అంకెకు ఇంకా చాలా దూరంలో ఉన్నాను, ఇంకా ఈ ఇంట్లోనే ఉన్నాను, కానీ రాత్రుళ్లు నిద్ర పడుతోంది.

అక్క రాయించిన ఖర్చుల పట్టిక నా దగ్గర ఉంది. కావాలంటే అడగండి, కూర్చుని మీ లెక్క కూడా వేసిపెడతాను. ఒక్కటే మాట, ఇంట్లో అందరూ వాడే ఫోన్ నుంచి మాత్రం నాకు మెసేజ్ పెట్టకండి.