గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల డబ్బు ఇంటికి ఎప్పుడొస్తుంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా ఉద్దానంలో వెల్డరో, రిగ్గరో, ఫిట్టరో అయ్యి గల్ఫ్‌లో ఉన్నోడు లేని వీధి ఉండదు. అక్కడ ఎవరైనా పోతే బాడీ ఎప్పుడొస్తుందా అని అందరూ కదులుతారు, నాయకులు ఫోన్లు చేస్తారు, మీ పేపర్లోనూ వస్తుంది, మంచిదే. బాడీ వచ్చి దినాలు అయిపోయాక మాత్రం అతను అక్కడ వదిలేసిన డబ్బు సంగతి అడిగే నాథుడు ఉండడు.

నాకు సోంపేట వైపు జిరాక్సు, ఆన్‌లైన్ పనుల షాపు ఉంది, ఈ కాగితాలు నా చేతి మీదుగానే పోతాయి కాబట్టి రాస్తున్నాను.

దుబాయ్ వైపు మనిషి పోయాడని తెలియగానే బ్యాంకు వాళ్లు అకౌంట్ ఫ్రీజ్ చేసేస్తారు, భార్యతో జాయింట్ అకౌంట్ ఉన్నా అంతే. వారసులెవరో అక్కడి కోర్టు తేల్చాకే వదుల్తారు. అది కాక కంపెనీ ఇవ్వాల్సిన గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకి చివర్లో ఒకేసారి ఇచ్చే మొత్తం) ఒకటి. అక్కడి చట్టంలో మొదటి 5 ఏళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు, అంటే పదేళ్లు చేసినోడికి 255 రోజుల బేసిక్ జీతం, మన ఇళ్లలో అది ఆడపిల్ల పెళ్లి ఖర్చు. దాన్ని రప్పించాలంటే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మన తరఫున అక్కడ పని చూసే మనిషికి రాసిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి, వాటికి ముందు రాష్ట్రం అటెస్టేషన్ (కాగితం అసలైనదేనని స్టాంపు), తర్వాత విదేశాంగ శాఖది, ఆ తర్వాత మన దేశంలో ఉన్న వాళ్ల ఎంబసీ స్టాంపు, అక్కడికి చేరాక మళ్లీ వాళ్ల విదేశాంగ శాఖ స్టాంపు, అరబ్బీ తర్జుమా. సౌదీ అయితే 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్‌లో (ఒక దేశం స్టాంపుని మిగతా సభ్య దేశాలు ఒప్పుకునే ఒప్పందం) చేరింది కాబట్టి ఎంబసీ మెట్టు ఒకటి తగ్గింది.

ఇన్ని మెట్లలో ఎక్కడ ఆగిపోతుందంటే మొదటి దాని దగ్గరే. ఒకామె సర్టిఫికెట్ పాడవకూడదని జాగ్రత్తగా లామినేషన్ చేయించి తెచ్చింది, దాని మీద స్టాంపు పడదు, మళ్లీ కొత్తది తీసుకోమన్నారు. ఇంకొకరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే సర్టిఫికెట్లో ఒక్క అక్షరం వేసి వదిలేశారు, అది దుబాయ్ దాకా వెళ్లి వెనక్కొచ్చింది. ఆఫీసులో ఆ పాస్‌పోర్టు జిరాక్సు ఒక్కసారి పక్కన పెట్టుకుని టైపు చేస్తే పోయేదేముంది చెప్పండి? పోయినోడి తల్లి నా షాపు మెట్టు మీద కూర్చుని "ఏటి బాబూ, ఆడి డబ్బులు ఈ జన్మకొస్తాయా" అంటే ఏం చెప్పను?

ఆ తల్లి పేరు కూడా కాగితంలో ఉండాలండీ. 1956 హిందూ వారసత్వ చట్టంలో భార్యా పిల్లలతో పాటు తల్లికీ సమాన వాటా ఉంది (తండ్రికి ఆ వరుసలో లేదు, ఇది విని చాలామంది నాతో గొడవ పడతారు). కోడలి వైపువాళ్లు తల్లి పేరు వదిలేసి తెచ్చుకుంటే తర్వాత ఆవిడ అభ్యంతరం పెట్టడం, ఫైలు మూలన పడటం.

ఇక బ్రోకర్లు. ఇండియాకి బ్యాంకులో వస్తే సగం ట్యాక్స్ కింద పోతుంది, మా మనిషి చేత చేతికి ఇప్పిస్తాం, ఇంత కమీషన్ అంటారు. శుద్ధ అబద్ధం. వారసత్వంగా వచ్చిన సొమ్ముకి మన దగ్గర ట్యాక్స్ లేదు, పోయినోళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే తీసేశారు, ఆ డబ్బు ఇక్కడ డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీకే ట్యాక్స్. దర్జాగా బ్యాంకుకే తెప్పించుకోవచ్చు, అకౌంట్ నంబరూ, విదేశాల నుంచి డబ్బు రావడానికి బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ కోడూ సరిగ్గా ఇచ్చి, వారసత్వం డబ్బు అని కాగితాలు చూపిస్తే చాలు.

కలెక్టర్ గారికి నా మనవి ఒక్కటే. సోమవారం గ్రీవెన్సులో ఈ కేసులకి విడిగా ఒక టేబుల్ వేసి, గల్ఫ్ కాగితాలు తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి, సర్టిఫికెట్ పాస్‌పోర్టు పేరుతోనే ఇవ్వాలని మండలాలకి ఒక సర్క్యులర్ పంపండి. అక్కడున్న మా కుర్రాళ్లు కూడా జీతం అక్కడే పోగేయకుండా ఎన్ఆర్ఈ అకౌంట్లో (విదేశాల్లో ఉన్నోళ్లకి మన బ్యాంకులు ఇచ్చే అకౌంట్) వేసుకుంటే ఇంట్లోవాళ్లకి ఇన్ని తిప్పలుండవు, 2025 నవంబర్ నుంచి నలుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు, ఈసారి సెలవుకొచ్చినప్పుడు బ్యాంకుకెళ్లి అమ్మ పేరూ భార్య పేరూ రాయించి వెళ్లండి.

ఇట్లు,
మీ పాఠకుడు, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా