ఆడపిల్లల చదువు కమిటీ: 2024-25 జమా ఖర్చులు

అందరికీ నమస్కారం. హాస్టల్ రసీదులు చేతికొచ్చేదాకా ఆగాం, అందుకే లెక్క చెప్పడం పదిహేను రోజులు ఆలస్యమైంది, క్షమించండి.

ముందు జమ. పోయినేటి నిల్వ 6,350. ఊళ్లో 84 ఇళ్ల చందాలు 41,200. హైదరాబాద్‌లో, గల్ఫ్‌లో పనిచేస్తున్న మనవాళ్లు పంపినవి 52,500. మహిళా సంఘాలు 12,000, పాత పదో తరగతి బ్యాచ్ 15,000. మొత్తం 1,27,050 రూపాయలు.

ఖర్చు 1,04,740. ఇందులో ఎక్కువమంది అడిగింది సంక్రాంతి తర్వాత 23 మంది పిల్లల్ని కాలేజీలు చూపించడానికి హైదరాబాద్ తీసుకెళ్లిన ఖర్చు గురించి. బస, భోజనాలు 21,400. ఆటోలు, వెంట వచ్చిన ఇద్దరు సార్ల టికెట్లు 4,860. పిల్లలకు, టీచరమ్మలకు బస్సు చార్జీ పడలేదు, తెలంగాణ ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే కదా, 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం ఉంది. "తిరగడానికి ఇన్ని పైసలా" అని ఒక పెద్దాయన అడిగారు, అడగడం న్యాయమే. కానీ ఆ పిల్లల్లో చాలామంది డిగ్రీ కాలేజీ గేటు లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారి. కోఠి మహిళా కాలేజీలో, అదే ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టిన విశ్వవిద్యాలయం, అక్కడ చదివే అక్కలను పట్టుకుని గంటసేపు వదల్లేదు. హాస్టల్‌లో అన్నం ఎట్లుంటుంది, ఇంగ్లీషు పాఠం అర్థం కాకపోతే ఏం చేశారు, ఇంట్లో ఎట్లా ఒప్పించారు... ఏడాదంతా శనివారం క్లాసులు పెట్టినా ఈ ప్రశ్నలు మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. ఆ 26,260 రూపాయలు సరైన చోటే పడ్డాయని మేం గట్టిగా నమ్ముతున్నాం.

ఇంజినీరింగ్‌కు ఎప్‌సెట్, పాలిటెక్నిక్‌కు పాలిసెట్, డిగ్రీ సీట్లకు దోస్త్, వీటి ఫీజులు 13,750. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఫొటోలు, జిరాక్సులు 5,980. ఇది చిన్న ఖర్చని వదిలేయకండి. పాలిటెక్నిక్‌లో, ఇంజినీరింగ్‌లో చేరిన అమ్మాయిలకు కేంద్రం ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఆ కాగితం చేతిలో లేకపోతే దరఖాస్తే ముందుకు కదలదు. వచ్చే ఏడాది పరీక్షలకు ముందే సర్టిఫికెట్లు తీయిస్తాం, ఈసారి ఆఖరి రోజుల్లో పరుగులు పెట్టి చాలా టెన్షన్ పడ్డాం.

పాత కంప్యూటర్లు రెండు 24,000, నెట్ 4,800. డాక్టరమ్మ రెండుసార్లు వచ్చి పిల్లలతో మాట్లాడారు, ఆమె పైసా తీసుకోలేదు, చాయ్, బిస్కెట్లకు 1,150.

ముగ్గురు అమ్మాయిల హాస్టల్ అడ్వాన్సు తలా 9,000 చొప్పున 27,000. స్కాలర్‌షిప్ పడ్డాక తిరిగి కడతామని తల్లులు అన్నారు. మేం కాగితం రాయించుకోలేదు, అడగబోము కూడా. వాళ్లు ఇస్తే జమలో చూపిస్తాం. పేర్లు మాత్రం ఎవరూ అడగొద్దు, ఆ పిల్లలు రేపు ఊళ్లో తలెత్తుకుని తిరగాలి.

మిగిలిన 1,800కు బిల్లు లేదు. కంప్యూటర్ల వైరింగ్ చేసిన మనిషికి చేతికి ఇచ్చాం, రసీదు రాయించుకోకపోవడం మా తప్పు. ఇకమీదట 500 దాటితే బిల్లు లేకుండా ఇవ్వం.

నిల్వ 22,310. బ్యాంకులో 21,460, చేతిలో 850. రసీదుల ఫైలు బడిలో ఉంది, వచ్చే రెండు ఆదివారాలు పొద్దున 9 నుంచి 12 దాకా ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.