చాయ్ సరే, ఆ కవర్ల సంగతేమిటి?

సంపాదకులకు,

నగరంలో టీ కొట్లు పెరుగుతున్నాయంటూ పోయిన ఆదివారం మీరు వేసిన కథనం చదివాను. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, చార్మినార్ దగ్గర పొద్దున్నే చేరే జనం, అన్నీ రాశారు. పాలు విడిగా మరగబెట్టి, దమ్ మీద దింపిన డికాషన్‌లో కలిపే ఆ చాయ్ మన ఊరికి గర్వకారణమే. కానీ దాన్ని ఇప్పుడు దేంట్లో పోసి ఇస్తున్నారో ఒక్క ముక్క రాయలేదు!

పదకొండింటప్పుడు ఏ ఆఫీసు ముందైనా నిలబడి చూడండి. సలసల కాగే టీని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. ఆ వేడికి కవరు మెత్తబడి సాగుతుంది. అటెండరు దాన్ని కొసన పట్టుకుని పైకి తీసుకెళితే పెద్ద చదువులు చదివినవాళ్లే తాగుతున్నారు. పేపర్ కప్పు మేలనుకుంటే అదీ లేదు, లోపల ఉండేది ప్లాస్టిక్ పూతే. అందులో వంద మిల్లీలీటర్ల వేడి నీళ్లు పావుగంట ఉంచితే దాదాపు 25,000 ప్లాస్టిక్ రేణువులు దిగుతున్నాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లోనే తేల్చారు.

చట్టం లేదా అంటే ఉంది. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు 2022 జూలై 1 నుంచి నిషేధం. 120 మైక్రాన్ల (0.12 మిల్లీమీటర్ల) కన్నా పల్చటి క్యారీ బ్యాగులు అదే ఏడాది డిసెంబరు 31 నుంచి కూడదన్నారు. వారం రోజులు అధికారులు హడావిడి చేశారు, ఫొటోలు దిగారు, జరిమానాలు రాశారు. తర్వాత అడిగే నాథుడు లేడు. వానొస్తే మా వీధి నాలాలో అడ్డుపడేవి ఈ కప్పులూ కవర్లే. ఫిర్యాదు చేస్తే ‘పరిష్కరించాం’ అని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, చెత్త మాత్రం కదలదు. ఏం మనుషులండీ వీళ్లు!

టీ పొడి సంగతీ అంతే. వాడేసిన పొడిని ఎండబెట్టి రంగు కలిపి అమ్మే ముఠాలను పట్టుకున్నారని అప్పుడప్పుడు మీ పేపర్లోనే వస్తుంది. పొడిని ఫిల్టర్ కాగితం మీద చల్లి తడిపితే కలిపిన రంగు మరకై కనిపిస్తుంది. అంత తేలికైన పరీక్ష కొట్ల దగ్గర ఎందుకు చేయరు?

ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీసే గ్లాసులంటే జనానికి భయం, అది నిజమే. అందుకని కవర్లలో పోయాలా? గ్లాసులు వేడినీళ్లతో కడగాలని, పార్శిల్ ఫ్లాస్కులోనే ఇవ్వాలని లైసెన్సులోనే షరతు పెట్టాలి. దీని మీద సంబంధిత అధికారులను అడిగి, వాళ్ల జవాబు మీ పేపర్లో వేయండి.

— ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్