ఇరుంగాట్టుకోట్టై వచ్చే ముందు నీ బండికి చేయవలసిన పనులు

చెన్నై

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం చేరింది. మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఏడేళ్ళు స్కూటరు నడిపిన తరువాత ఇన్నాళ్ళకు నీ మనసుకు నచ్చిన బండి కొనుక్కున్నావని, అదీ సెకండ్ హ్యాండ్‌లో దొరికిన 2018 నాటి యమహా ఆర్15 అని చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వచ్చే నెల ఇక్కడి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద ప్రాక్టీసుకు వస్తానన్నావు, తప్పకుండా రా. అయితే సైలెన్సరు మార్చాలా, ఎయిర్ ఫిల్టరు మార్చాలా, ఇంజనును నడిపించే కంప్యూటరు, అంటే ఈసీయూకు తగిలించే పెట్టె కొనాలా, వీటిలో ముందు ఏది అని అడిగావు చూడు, ఈ మూడూ ఇప్పుడు వద్దనే నా జవాబు. ఆ డబ్బంతా టైర్లకు, బ్రేకులకు, నీ ఒంటి మీది రక్షణకు పెట్టు. 155 సీసీ ఇంజనుకు సైలెన్సరు మార్చి రాబట్టే బలం కొత్తవాడికి ట్రాక్ మీద తెలియను కూడా తెలియదు. గట్టిపడిన టైరు, పాతబడిన బ్రేక్ ఆయిల్ మాత్రం మొదటి పది నిమిషాల్లోనే తెలిసివస్తాయి.

వేగం రెట్టింపైతే బండి ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు పట్టి 20 మీటర్లలో ఆపగలిగితే, అంతే గట్టిగా పట్టినా 120లో 80 మీటర్లు కావాలి. రోడ్డు మీద 120 నుంచి పూర్తిగా బ్రేకు పట్టవలసిన సందర్భం ఏడాదికి ఒకసారి రావచ్చు, రాకపోవచ్చు. ట్రాక్ మీద అటువంటిది ప్రతి చుట్టులోనూ, మళ్ళీ మళ్ళీ, చల్లబడే వ్యవధి లేకుండా వస్తుంది. ఆ వేగమంతా వేడిగా మారి డిస్కులోకి, ప్యాడ్లలోకి, అక్కడి నుంచి ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్‌లోని బ్రేక్ ఆయిల్‌లోకి చేరుతుంది.

ఈ బ్రేక్ ఆయిల్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా కుడి భుజం ఎముక విరగడానికి కారణం అదే. నాలుగేళ్ళ క్రితం నేను బండిని సర్వీసుకు ఇచ్చినప్పుడు బ్రేక్ ఆయిల్ మార్చినట్లు బిల్లులో రాసి డబ్బు తీసుకున్నారు. నేను మూత తీసి చూడలేదు. మూడు వారాల తరువాత ట్రాక్ మీద ఆరో చుట్టులో, పొడవైన నేరు దారి చివర బ్రేకు నొక్కితే లివర్ మెత్తగా హ్యాండిల్‌కు తగిలిపోయింది. బండి మలుపు తిరగకుండా నేరుగా మట్టిలోకి పోయి పడింది. తరువాత మూత తెరిస్తే లోపల లేత పసుపు రంగులో ఉండవలసిన ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో ఉంది. మనిషి ప్రాణం ఆధారపడిన పనిని చేయకుండానే చేసినట్లు రాసిన ఆ చేతిని తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, కానీ చూసుకోవలసిన బాధ్యత నాది కూడా అని అప్పుడే అర్థమైంది.

లోపల జరిగేది ఇది. డాట్ 3, డాట్ 4 అనే బ్రేక్ ఆయిళ్ళు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తరువాత అది 155 డిగ్రీలకు దిగిపోయినా ప్రమాణం ఒప్పుకుంటుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే అది కుంచించుకుపోదు కనుక నీ వేళ్ళ బలం ప్యాడ్ల దాకా చేరుతుంది. ఆవిరి కుంచించుకుపోతుంది కనుక ఆ బలమంతా బుడగల్లోనే పోతుంది. మా చెన్నై గాలిలో ఉండే తేమ నీకు తెలిసిందే. అందువల్ల ట్రాక్‌కు వచ్చే వారంలోనే, సీలు తీయని కొత్త డబ్బా నుంచి డాట్ 4 పోయించి, గాలి బుడగలు పూర్తిగా పోయే వరకు బ్లీడింగ్ చేయించు, ఆ పని జరిగినంతసేపూ పక్కనే నిలబడు. పేరు దగ్గరగా ఉంది కదా అని డాట్ 5 మాత్రం కలపనివ్వకు. అది సిలికాన్‌తో చేసినది, మిగిలిన వాటితో కలవదు. ప్యాడ్లు సగానికి పైగా అరిగి ఉంటే మార్పించు. నీ బండి, చక్రం లాక్ కాకుండా చూసే ఏబీఎస్ రాక ముందు నాటిది కనుక, గాభరాగా పట్టిన బ్రేకును సరిదిద్దే యంత్రమేదీ దానిలో లేదని గుర్తుంచుకో.

టైర్ల విషయానికి వద్దాం. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఒక చిన్న గడిలో ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. నువ్వు కొన్న బండికి పాత యజమాని టైర్లే ఉంటే ముందు ఆ అంకెలు చూడు. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఐదారేళ్ళు ఎండలో నిలిచిన రబ్బరు గట్టిపడిపోయి పట్టు ఇవ్వదు. బెంగళూరు ఆఫీసు దారుల్లో తిరిగిన టైరు నడుమ మాత్రమే అరిగి బల్లపరుపుగా తయారవుతుంది. అటువంటి టైరుతో బండిని వంచితే, ఆ చదును అంచు దాటేటప్పుడు బండి ఒక్కసారిగా పక్కకు ఒరిగినట్లు అనిపించి గుండె జారుతుంది. గాలి ఉదయం, బండి కదలక ముందు, సొంత గేజుతో చూసుకో. పెట్రోలు బంకులో గేజులు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపిస్తాయి. 30 డిగ్రీల దగ్గర 29 పీఎస్‌ఐ ఉన్న టైరు లోపలి గాలి 70 డిగ్రీలకు చేరితే, లెక్క ప్రకారం ఐదారు పీఎస్‌ఐ పెరుగుతుంది. అందుకే మొదటి సెషన్ ముగిసి, ట్రాక్ పక్కన బండ్లు నిలిపే పిట్‌లోకి రాగానే, హెల్మెట్ తీయక ముందే, మళ్ళీ చూసి రాసుకోవాలి. పక్కవాడు తన పెద్ద బండికి ఎంత తగ్గించాడో విని నువ్వూ అంతే తగ్గించకు. కంపెనీ చెప్పిన అంకె నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క పీఎస్‌ఐ చొప్పున మార్చి చూడు.

చైను, ఇంజన్ ఆయిల్ వంటివి నీకు తెలిసినవే కాబట్టి త్వరగా చెబుతాను. చైను లూజును చక్రాన్ని తిప్పుతూ అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట కొలవాలి. స్ప్రే కొట్టేటప్పుడు వెనుక డిస్కును గుడ్డతో కప్పు. ఇంజన్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ2 అని బైకు ఆయిళ్ళకు వేసే గుర్తు ఉండాలి. మిగిలిపోయిన కారు ఆయిల్ పోస్తే, అదే ఆయిల్‌లో మునిగి ఉండే మన బండి క్లచ్ ప్లేట్లు జారడం మొదలుపెడతాయి. రేడియేటరులో కూలెంటు తీసేసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి, ఎందుకంటే ఒకరి బండి పడి కూలెంటు ట్రాక్ మీద చిందితే దానిలోని గ్లైకాల్ సబ్బునీటిలా జారి వెనుక వచ్చే నలుగురిని పడేస్తుంది. ఇంటికి వెళ్ళాక మళ్ళీ కూలెంటు నింపడం మరచిపోకు, ఒట్టి నీరు లోపల తుప్పు పట్టిస్తుంది. అద్దాలు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు, సైడు స్టాండు విప్పేయాలి; హెడ్‌లైటుకు టేపు అంటించాలి. పోటీలకు దిగే నాటికి ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు రంధ్రం చేసి సన్నని స్టీలు తీగతో బిగించాలి, తనిఖీలో ముందు చూసేది దాన్నే.

ఒంటి మీది వస్తువుల్లో హెల్మెట్‌కు బేరం ఆడవద్దు. ఐఎస్‌ఐ గుర్తు రోడ్డుకు చట్టప్రకారం ఎలాగూ ఉండాలి. ట్రాక్ కోసం ఐరోపా ప్రమాణమైన ఈసీఈ 22.06 గుర్తు ఉన్నది, గడ్డం కింద రెండు డీ ఆకారపు రింగులతో బిగించేది తీసుకో. తలకు సరిగ్గా పట్టిందో లేదో తెలియాలంటే పట్టీ బిగించి, వెనుక నుంచి పైకి ఎత్తి ముందుకు లాగమని షాపువాడితో చెప్పు. ఊడి వస్తే అది నీ సైజు కాదు. ఒక్కసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్, పైకి గీత కూడా లేకపోయినా, లోపలి థర్మాకోల్ నలిగి ఉంటుంది కనుక మళ్ళీ పెట్టుకోకూడదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో బండి కొనవచ్చు, లెథర్ సూటు కూడా కొనవచ్చు, హెల్మెట్ మాత్రం కొనకూడదు. 2023లో ఇదే ట్రాక్ మీద జరిగిన పోటీల్లో ప్రాణాలు పోయాయి. నిన్ను భయపెట్టాలని కాదు, నువ్వు నాకు ఎంత ముఖ్యమో నీకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ఇక నడపడం. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు 1990లో తెరిచిన ఈ ట్రాక్ చుట్టు పొడవు 3.717 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. దానికి ముందు పోటీలు షోలవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద జరిగేవి; ఇక్కడి పాత మెకానిక్కులు ఆ రోజుల గురించి చెబుతుంటే నేను టీ చల్లారిపోయే దాకా వింటాను. మన ట్రాక్ గడియారపు ముల్లు తిరిగే దిక్కున సాగుతుంది కనుక కుడి మలుపులు ఎక్కువ, టైరు కుడి భుజం తొందరగా వేడెక్కుతుంది. ఎడమ భుజం చల్లగానే ఉండిపోతుంది. కుడి మలుపుల్లో కుదిరిన పట్టు చూసి ధైర్యం తెచ్చుకుని, ఎడమ మలుపులోనూ అంతే వంచి జారిపడినవాళ్ళను నేను చాలామందిని చూశాను. మొదటి రెండు చుట్లు ఆ ఎడమ మలుపుల కోసమే మెల్లగా తిరుగు.

బ్రేకును ఒక్కసారిగా పట్టవద్దు. ముందు వేళ్ళతో మెల్లగా నొక్కితే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కిందికి దిగుతుంది, టైరు నేలకు అదుముకుంటుంది. ఆ తరువాతే గట్టిగా పట్టాలి. బరువు రాక ముందే పట్టినవాడికి చక్రం లాకై జారుతుంది. మొదటి రోజున బ్రేకు పనంతా బండి నిటారుగా ఉన్నప్పుడే పూర్తిచేసి, తరువాత వంచు. మలుపులోకి కొంచెం తక్కువ వేగంతో వెళ్ళి, లోపలి అంచును మలుపు సగం దాటాక తాకేటట్లు చూసుకుని, బండి లేస్తున్న కొద్దీ యాక్సిలరేటర్ తిప్పుకుంటూ బయటికి రావడం నేర్చుకుంటే, వేగం దానంతట అదే వస్తుంది. చూపు ఎక్కడ ఉంటే బండి అక్కడికే పోతుంది కనుక, ముందు పడిన బండిని చూడకు, నువ్వు పోవలసిన దారిని చూడు. మోకాళ్ళతో ట్యాంకును అదిమి పట్టుకుంటే చేతుల మీద బరువు పడదు. మణికట్లు నొప్పి పెడుతున్నాయంటే నువ్వు హ్యాండిల్‌ను పట్టుకుని వేలాడుతున్నావని అర్థం.

జెండాలను ఇంటి దగ్గరే బట్టీ పట్టు. పసుపు ఊపితే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ చేయరాదు. ఎరుపు అంటే సెషన్ ఆగిపోయింది, మెల్లగా పిట్‌కు రావాలి. పసుపు మీద ఎర్ర చారలుంటే దారి జారుడుగా ఉందని. నలుపు మీద నారింజ చుక్కతో పాటు నీ నంబరు చూపిస్తే నీ బండిలోనే లోపం ఉంది, ఆయిల్ కారుతూ ఉండవచ్చు, వెంటనే దారి వదిలి ఆగిపోవాలి. మెల్లగా పోవలసి వచ్చినా, పిట్‌లోకి తిరుగుతున్నా చేయి ఎత్తాలి.

నువ్వు ఆ ఉదయమే బెంగళూరు నుంచి బండి మీద బయలుదేరి వచ్చి ట్రాక్ ఎక్కుతానని రాశావు, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా దాదాపు మూడు వందల కిలోమీటర్లు నడిపిన ఒంటితో చేసే ప్రాక్టీసులో నేర్చుకునేది ఏమీ ఉండదు. పైగా సాయంత్రం ట్రాక్ దిగిన మనిషికి హైవే మీద వంద కూడా నలభైలా అనిపిస్తుంది. ఆ మత్తు దిగడానికి ఒక రాత్రి నిద్ర కావాలి. బండి పడితే తిరిగి ఎలా తీసుకుపోతావు? మీ వైపు నుంచి ఇంకొకరు వస్తున్నారేమో కనుక్కుని, ఇద్దరూ కలిసి చిన్న ట్రక్కులో రెండు బండ్లూ వేసుకుని ముందు రోజు మధ్యాహ్నానికి రండి. మా ఇంట్లోనే పడుకోవచ్చు. ఇంకొక సంగతి: మామూలు బండి ఇన్సూరెన్సు పాలసీలో రేసులు, వేగ పరీక్షలు మినహాయించి ఉంటాయి, అందువల్ల ట్రాక్ మీద విరిగినదానికి ఖర్చు మనదే అనుకుని రావాలి. ఆ ఖర్చుకు జంకి ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద రాత్రిపూట పందాలు కాసే పిల్లలు ఇక్కడ ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద దానికి మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది, జైలు కూడా ఉంది. అయినా నన్ను బాధపెట్టేది జరిమానా కాదు, ఆ రోడ్డు మీద ఎదురుగా ఇంటికి పోతున్న మనుషులు ఉంటారు. ట్రాక్ మీద ఎదురు వచ్చేవాళ్ళు లేరు, అంబులెన్సు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఎండ గురించి తేలికగా తీసుకోకు. మీ ఊరి చల్లదనానికి అలవాటు పడిన నువ్వు ఇక్కడి ఉక్కలో లెథర్ సూటు వేసుకుంటే ఇరవై నిమిషాల సెషన్‌కే బనియను పిండుకోవలసి వస్తుంది. దాహం వేసే దాకా ఆగకుండా సెషన్‌కూ సెషన్‌కూ మధ్య ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగాలి. మా అమ్మ ఇప్పటికే నీ కోసం పెద్ద ఫ్లాస్కు వెతికి పెట్టింది. మధ్యాహ్నం భోజనం తరువాత చేతులు బరువెక్కినట్లు అనిపిస్తే చివరి సెషన్ మానేద్దాం, నేను కూడా నీతో పాటు మానేస్తాను.

వెనుక చక్రం ఎత్తే స్టాండు, గాలి పంపు, టార్క్ రెంచి, టేపు, తీగ అన్నీ నా దగ్గర ఉన్నాయి, మోసుకురావద్దు. నువ్వు తేవలసింది కొత్త ప్యాడ్లు ఒక జత, అదనంగా ఒక క్లచ్ లివర్, ఒక బ్రేకు లివర్. బండి పడితే ముందు విరిగేవి అవే, నీ మోడల్‌వి ఇక్కడ వెంటనే దొరుకుతాయన్న నమ్మకం నాకు లేదు. బయలుదేరే ముందు వచ్చే ఆదివారం మీ మెకానిక్ దగ్గర బ్రేక్ ఆయిల్ మార్పించి, పాత ఆయిల్‌ను ఒక గాజు సీసాలో పట్టి, దాని ఫోటో నాకు పంపు.

నీ స్నేహితుడు