కుర్చీ మీది బట్టల గుట్ట

ఒరేయ్,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "ఉతకడం నాకు కష్టం కాదురా, కానీ ఉతికిన బట్టలు ఎప్పుడు చూసినా కుర్చీలోనే ఉంటాయి" అన్నావు. చెల్లెమ్మ కొత్త ఉద్యోగంలో చేరాక ఆ పని నువ్వు అందుకున్నందుకు చాలా సంతోషం వేసింది. ఫోన్‌లో తీరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

మా ఇంట్లో ఈ పని నా చేతికొచ్చి నాలుగేళ్లు దాటింది. మొదటి ఏడాది మా పడకగదిలో కుర్చీ ఉండేది కానీ అందులో ఎవరూ కూర్చున్నది లేదు. ఆదివారం వస్తే నాలుగు ట్రిప్పులు ఉతికి, ఆరేసి, సాయంత్రానికి తెచ్చి ఆ కుర్చీలో పడేసేవాణ్ణి. సోమవారం పొద్దున పిల్ల స్కూలుకి తయారవుతూ ఆ గుట్టలో చేయి పెట్టి సాక్సు కోసం వెతికేది. ఒకటి దొరికేది, రెండోది దొరికేది కాదు. గురువారానికి అందులో ఉతికినవేవో, ఒకసారి తొడిగి విడిచినవేవో తెలియక, అన్నీ వాసన చూసి మళ్లీ మిషన్‌లో వేసేవాణ్ణి. ఒకే బట్టని తొడక్కుండానే రెండుసార్లు ఉతికానన్నమాట. ఒకరోజు బస్సు బయట నిలబడి ఉంటే, సాక్సు దొరక్క పిల్ల ఏడ్చింది. ఆ రోజు కూర్చుని ఆలోచించాను.

మనం పనిని మిషన్ దగ్గర మొదలుపెట్టి లెక్కేస్తాం. ఉతికితే సగం అయిపోయిందనుకుంటాం. కానీ బట్ట బీరువాలోకి చేరేదాకా ఆ పని అయినట్టు కాదు కదా. అందుకని నేను వెనక నుంచి లెక్క మొదలుపెట్టాను: ఈ రోజు ఎన్ని బట్టలు మడిచి అరలో పెట్టగలను? అన్నే ఉతుకుతాను. అంతకు మించి ఒక్క చొక్కా కూడా వెయ్యను. ఆదివారం నాలుగు ట్రిప్పులు పోయి, రోజు విడిచి రోజు ఒక ట్రిప్పు అయింది. ఒక్క ట్రిప్పు మడతకి నాకు పావుగంట పడుతుంది. నాలుగు ట్రిప్పులైతే గంట, అదీ అలసిపోయిన ఆదివారం రాత్రి. ఎవరికి ఓపిక ఉంటుంది చెప్పు?

రెండో మార్పు ఇంకా పెద్దది. రంగుని బట్టి కాకుండా మనిషిని బట్టి ఉతకడం. పిల్ల బట్టలు ఒక రోజు, మా ఆవిడవి ఒక రోజు, నావి ఒక రోజు. ఎవరి బుట్ట వాళ్ల గదిలోనే, మూత లేకుండా పెట్టాను. మూత ఉంటే తెరిచే బద్ధకానికి బట్టలు మూత మీదే పడతాయి, అది నేను కళ్లారా చూశాను. ఒక్కరివే ఉతికితే ఆరాక ఇది ఎవరిది, అది ఎవరిది అని వేరుచేసే పనే ఉండదు. మొత్తం తీసుకెళ్లి ఒకే గదిలో, ఒకే బీరువాలో పెట్టొచ్చు. కొత్తగా కొన్న ముదురు రంగువి, రంగు దిగుతాయని అనుమానం ఉన్నవి మాత్రం మొదటి రెండు మూడుసార్లు విడిగా వేస్తాను. తెల్లవి మరీ తెల్లగా ఉండాలంటే అవీ విడిగానే. మిగతావి చల్లనీళ్లలో కలిపి వేస్తే నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు.

మిషన్‌ని కుక్కి నింపకు. మిషన్ మీద 7 కిలోలు అని రాసి ఉంటే అది పొడి నూలు బట్టల లెక్క. బట్టలు వేశాక పైన నీ అరచేయి దూరేంత ఖాళీ ఉండాలి. సబ్బుపొడి కూడా అంతే, ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం కాదు, తువ్వాళ్లు అట్టల్లా అవుతాయి. విడిచేటప్పుడే జేబులు చూడమని ఇంట్లో అందరికీ చెప్పు. ఒక్క టిష్యూ కాగితం చాలు, ట్రిప్పు మొత్తానికీ తెల్లటి తునకలు అంటుకుంటాయి.

మిషన్ ఆగాక బట్టల్ని అందులోనే మర్చిపోకు. నేను ఒకసారి రాత్రి వేసి మర్నాడు మధ్యాహ్నం తీశాను, ఒకటే ముక్కవాసన. మళ్లీ ఉతికి ఎండలో ఆరేశాను. వాసన పోయిందనుకున్నాను, కానీ ఆ తువ్వాలుతో ఒళ్లు తుడుచుకోగానే మళ్లీ వచ్చింది. తర్వాత చదివితే అర్థమైంది. మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా ఆ వాసనకి కారణమని జపాన్ పరిశోధకులు 2012లో ప్రకటించారు. బట్ట ఆరినా అది బతికే ఉంటుంది, మళ్లీ తడి తగిలితే పని మొదలుపెడుతుంది. అందుకే ఇప్పుడు మిషన్ ఎప్పుడు ఆగుతుందో చూసుకుని, ఆ సమయానికి ఇంట్లో ఉంటాననుకుంటేనే వేస్తాను. ఫోన్‌లో అలారం కూడా పెడతాను.

ఇక ఆరేయడం. నాకు ఇష్టమైన భాగం ఇదేరా, సగం మడత ఇక్కడే అయిపోతుంది. నూలు బట్ట తడిసినప్పుడు దారాల్లోని పట్టు సడలుతుంది. ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్లీ బిగుసుకుంటుంది. ముడత పడి ఆరితే ఆ ముడత అలాగే నిలుస్తుంది. కాబట్టి చొక్కాని భుజాల దగ్గర రెండు చేతులా పట్టుకుని టప్ టప్‌మని రెండుసార్లు గట్టిగా దులుపు. కాలర్ సరిచేసి, గుండీల పట్టీని వేళ్లతో కిందికి లాగు. హ్యాంగర్‌కి వేసి పైగుండీ ఒక్కటి పెట్టి దండేనికి తగిలించు. ఆరాక అదే హ్యాంగర్‌తో తీసుకెళ్లి బీరువాలో తగిలించడమే. మడతా లేదు, చాలావాటికి ఇస్త్రీ కూడా అక్కర్లేదు.

మిగతావాటిని దండెం దగ్గరే నిలబడి మడిచేస్తాను. ఒకటి తీయడం, మడవడం, బుట్టలో పెట్టడం. లోపలికి తెచ్చాక మడుద్దాం అనుకుంటే అవి నేరుగా కుర్చీలోకే వెళ్తాయి, నీకు తెలిసిందే. ఒక్క జాగ్రత్త: ప్యాంటు నడుం పట్టీ, జేబు లోపలి గుడ్డ చేత్తో తాకి చూడు. పైకి ఆరినట్టే ఉన్నా అక్కడ తడి ఉంటుంది. ఆ తడితో బీరువాలో పెడితే పక్కవాటికీ వాసన పడుతుంది.

అన్నీ మడవాలన్న నియమం కూడా పెట్టుకోకు. లోదుస్తులు, సాక్సులు మడిచినా మడవకపోయినా ఎవరికీ తేడా తెలియదు. మనిషికొక డబ్బా పెట్టి అందులో వేసెయ్. పిల్ల సాక్సులన్నీ ఒకే రంగు, ఒకే రకం కొన్నాను. ఏ రెండు తీసినా జతే. ఆ ఏడుపు మళ్లీ రాలేదు. దుప్పట్లు పొద్దున ఉతికి రాత్రికి అవే పరుపు మీద పరిచేస్తాను. మడత పెట్టి దాచడమే ఉండదు.

ఇంత చేసినా ఆరునెలల పాటు ఒక్కచోట ఆగిపోయేవాణ్ణి: అర దగ్గర. మడిచిన దొంతర చేతిలో ఉంటుంది, అరలో చోటుండదు. ఒకదాన్ని తోస్తే ఇంకోటి జారి పడేది. అందుకే దొంతర బీరువా పక్కన స్టూలు మీద ఆగేది, ఆ స్టూలు రెండో కుర్చీ అయ్యేది. చివరికి ఒక శనివారం ఇద్దరం కూర్చుని, ఏడాదిగా తొడగనివన్నీ తీసి, పనికొచ్చే వాళ్లకి ఇచ్చేశాం. అరలో నాలుగోవంతు ఖాళీగా ఉండాలని ఒప్పందం చేసుకున్నాం. ఇప్పుడు దొంతరని ఒక్క చేత్తో లోపలికి నెట్టొచ్చు. ఈ మొత్తంలో ఒక్కటే చేయగలనంటే ఇదే ముందు చెయ్యరా, బాగా ఆలోచించి చెబుతున్నాను.

పిల్లలకి కూడా అప్పజెప్పు. మా పిల్ల ఇప్పుడు తన బుట్ట తనే తెస్తుంది, తన దొంతర తనే పెట్టుకుంటుంది. వంకరగా పెడుతుంది, నేను మాత్రం సరిచెయ్యను. ఒకసారి సరిచేశాను, మర్నాడు తను పెట్టలేదు.

నువ్వు ముందు మీ బీరువా తెరిచి, ఏ అర కిక్కిరిసి ఉందో చూసి నాకు రాయి. మీ ఇంట్లో దండెం కట్టడానికి ఎంత చోటుందో కూడా చెప్పు. తక్కువైతే హ్యాంగర్లు ఎలా తగిలించాలో వచ్చే ఉత్తరంలో బొమ్మ గీసి పంపిస్తాను. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
మిత్రుడు