డ్రైవర్ ఆపేస్తే ఆపనివ్వండి, తాళం చెవి ఇచ్చి వెళ్లమనండి: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పన్నెండేళ్లు దాటిన నా లాప్‌టాప్ తెర మొన్న ఒక మామూలు అప్‌డేట్ తర్వాత నల్లబడిపోయింది. మిషన్ చెడిపోలేదండీ. ఫ్యాను తిరుగుతోంది, డిస్క్ లైటు మిణుకుమంటోంది, క్యాప్స్‌లాక్ నొక్కితే దాని దీపం వెలుగుతోంది. అంటే లోపల దాన్ని నడిపే లినక్స్ (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికేది) బతికే ఉంది. ఆ రాత్రి ఏం చేశానో కొంచెం ఓపిగ్గా వింటే, కంపెనీలు సపోర్ట్ ఆపేసిన చిప్‌ల గురించి ఈ ఉత్తరం ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందు గదిలో లైటు ఆపి, టార్చి వెలుగు తెర మీద ఏటవాలుగా వేసి చూశాను. అందులో లాగిన్ బాక్సు మసకమసకగా కనబడితే బొమ్మ వస్తోందనీ, వెనకాల బ్యాక్‌లైటే వెలగడం లేదనీ అర్థం. నాకేమీ కనబడలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాను, ఉత్త అక్షరాల తెరైనా వస్తుందేమోనని. అదీ రాలేదు. ఇక రీస్టార్ట్ చేసి, మిషన్ లేవగానే వచ్చే గ్రబ్ మెనూలో ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే లైను చివర ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి ఎఫ్10 కొట్టాను. తెర వెలిగింది! గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మ గీసే చిప్‌ను నడిపే ప్రోగ్రాం) జోలికి పోకుండా ఉన్న డిస్‌ప్లేతోనే సర్దుకోమని లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు చెప్పే మాట అది. సర్దుకోవడం అంటే నిజంగా సర్దుకోవడమే. రిజల్యూషన్ తగ్గి అక్షరాలు ఉబ్బిపోయాయి, బ్రైట్‌నెస్ కీలు పలకలేదు, గ్రాఫిక్స్ పనంతా ప్రాసెసర్ నెత్తిన పడి చిన్న వీడియోకే ఫ్యాను రొద మొదలైంది.

అసలు కారణం మిషన్ రాసుకునే లాగ్‌లో దొరికింది. చిప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్ కెర్నల్‌లో భాగం కాదు, బయటి నుంచి అతికించేది. కెర్నల్ మారినప్పుడల్లా అది మళ్లీ కంపైల్ కావాలి, అంటే కొత్త కెర్నల్‌కు తగ్గట్టు తయారవ్వాలి. డీకేఎంఎస్ అనే ప్రోగ్రాం ఆ పని చూసుకుంటుంది. ఈసారి కొత్త కెర్నల్‌లో ఒక ఫంక్షన్ తీరు మారింది, డ్రైవర్ మాత్రం పాత పద్ధతిలోనే దాన్ని పిలుస్తోంది. రెండు లైన్ల మరమ్మతు కావచ్చు. చేయాల్సిన కంపెనీ ఆ తరం చిప్‌లకు సపోర్ట్ ఎప్పుడో ఆపేసింది. ఎవరైనా చూసి మార్చుకోగల ఓపెన్ సోర్స్ డ్రైవర్ వేసి చూశాను. బాగానే ఉందనుకునేలోగా, సస్పెండ్ (నిద్ర) నుంచి లేపగానే తెర బిగుసుకుపోయింది. చివరికి గ్రబ్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాత కెర్నల్ ఎంచుకుని, దాన్ని మారకుండా కట్టేసి కూర్చున్నాను. తెర బాగుంది. ఆ కెర్నల్‌కు ఇకపై సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం అందవు.

రోజంతా కంప్యూటర్ల మధ్య బతికే నాకే ఇంత తిప్పలైతే మామూలు మనిషి ఏం చేస్తాడు? పాతసామానులో పడేస్తాడు.

మా చిప్ ఏ కంపెనీదో రాయను, ఇది ఒక్కరి మీద ఫిర్యాదు కాదు కాబట్టి. కానీ బహిరంగంగా అందరికీ తెలిసిన సంగతులు రెండు చెబుతాను. చిప్‌లు తయారుచేసే ఏఎండీ 2007లో తన రేడియాన్ గ్రాఫిక్స్ చిప్‌ల సాంకేతిక పత్రాలను బయటపెట్టడం మొదలుపెట్టింది. 2012లో హెచ్‌డీ 2000 నుంచి 4000 దాకా ఉన్న కార్డులను తన సొంత డ్రైవర్ ప్రధాన వరుస నుంచి తప్పించింది. అయినా ఆ కార్డులు లినక్స్‌లో మూలపడలేదు, ఆ పత్రాల ఆసరాతో ఎదిగిన ఓపెన్ డ్రైవర్ వాటిని నడిపించింది. ఎన్విడియా కార్డులకు అలాంటి పత్రాలు లేక, చిప్ ప్రవర్తనను బయటి నుంచి గమనిస్తూ నూవో అనే డ్రైవర్‌ను కొందరు రాశారు. అది 2010లో 2.6.33 కెర్నల్‌తో వచ్చింది. 2014లో మొదలైన రెండో తరం మ్యాక్స్‌వెల్ కార్డుల నుంచి మరో చిక్కు: కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాం) లేనిదే చిప్ వేగాన్ని పెంచే వీలు నూవోకు లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది.

విండోస్ 10కు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి కాబట్టి లెక్కలేనన్ని పాత లాప్‌టాప్‌లు అటు వెళ్లలేవు. వాటికి మిగిలిన దారి లినక్సే, ఆ దారి గడపలోనే ఈ నల్ల తెర.

నేను కోరేది ఒక్కటే. ఒక చిప్‌కు సపోర్ట్ ఆపేసే రోజున ఆ కంపెనీ దాని రిజిస్టర్ల (డ్రైవర్ చిప్‌కు ఆదేశాలు రాసే గడుల) వివరాలు, ఎవరైనా పంచుకోగల లైసెన్సుతో దాని ఫర్మ్‌వేర్ బయటపెట్టాలని నిబంధన తెండి. ఈ-వ్యర్థాల నియమాల్లో పెడతారో, ప్రభుత్వం కంప్యూటర్లు కొనే టెండర్లలో పెడతారో మీ ఇష్టం. నన్నడిగితే టెండర్ దారే త్వరగా ఫలిస్తుంది. వ్యాపార రహస్యం అంటారు. అమ్మడమే మానేసిన చిప్‌లో కాపాడాల్సిన రహస్యం ఎంతుంటుంది? డ్రైవర్ కోడ్‌లో బయటివాళ్ల దగ్గర లైసెన్సుకు తీసుకున్న ముక్కలు ఉంటాయన్న మాట మాత్రం నిజమే. అందుకే కోడ్ అడగడం లేదు, పత్రాలు చాలు. కోడ్ రాసేవాళ్లు ఉన్నారు, జీతం లేకుండానే రాస్తున్నారు.

ఈ ఉత్తరం ఆ పాత కెర్నల్ మీదే టైప్ చేశాను. అప్‌డేట్లు ఉన్నాయని తెర మూలన గుర్తు వెలుగుతూనే ఉంది. నొక్కాలంటే టెన్షన్‌గా ఉంది.

ఇట్లు,
ఒక పాత లాప్‌టాప్ యజమాని