మోయాబ్ ఫోటో, మా మామ, రాతి కూసాల గేటు

రామ్మూర్తినగర్, బెంగళూరు
ఆదివారం రాత్రి

రేయ్ లూనా,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, నాకు తగినదే. ముందు వార్తలు గబగబా చెప్పేస్తా. ఇల్లు మారలేదు, ఓనరు అద్దె మాత్రం పెంచాడు. పాపకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. అమ్మ మోకాళ్ళు ఇప్పుడు నయం. ఆఫీసులో అదే మేనేజరు, టిన్ ఫ్యాక్టరీ దగ్గర అదే ట్రాఫిక్. అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మొత్తం నీవల్లే జరిగింది. యూటాలో మోయాబ్ వెళ్ళి ఎర్ర రాళ్ళ మీద పక్కపక్క సీట్లు, పైన ఇనుప పంజరం ఉన్న నాలుగు చక్రాల బండి తోలుతున్న ఫోటోలు పంపావు కదా. తలకి హెల్మెట్, మూతికి గుడ్డ, దోమల మందు కొట్టించే రోజు మన వార్డెన్ ఉన్నట్టే ఉన్నావు. అవి మా బామ్మర్ది చూశాడు. వాడు ఊరుకోక మా మామకి చూపించాడు. ఒకే ఫోటోలో ఇద్దరికీ రెండు బండ్లు కనిపించాయి. వాడికి కనిపించింది కొండలెక్కే బండి. మామకి కనిపించింది వెనకాల ఉన్న చిన్న తొట్టి. "అల్లుడూ, దీంట్లో ఎన్ని క్రేట్లు పడతాయి?" అన్నాడు. అంతే, మొదలైంది.

శ్రీనివాసపురం పక్కన మామిడితోట నీకు తెలుసు కదా, నీ పచ్చ లుంగీ అక్కడే పోయింది. కింద చదునులో తోతాపురి, పైన గుట్ట వారగా బాదామి. ఆ పై భాగంతోనే తంటా. రాళ్ళు, ఏటవాలు. కోసిన కాయ అంతా క్రేట్లలో పెట్టి నెత్తి మీద మోసుకుని గేటు దాకా తేవాలి. టెంపో బయట రోడ్డు మీదే ఆగుతుంది. ఈ ఏడాది మోసే మనుషులు దొరకలేదు, దొరికినవాళ్ళు అడిగిన కూలి విని మామ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకని ఆయన కోరికలో న్యాయం లేకపోలేదు. బామ్మర్ది కోరికలో మాత్రం... సరే, వాడికీ పాతికేళ్ళే కదా.

అల్లుడు కంప్యూటర్ల ముందు కూర్చుంటాడు కాబట్టి చూసి చెప్పే పని నాకు అంటగట్టారు. రాత్రుళ్ళు కూర్చుని చదివాను. నాకు అర్థమైంది ఏంటంటే, పక్కపక్క సీట్ల బండ్లన్నీ పైకి ఒకేలా ఉన్నా లోపల రెండు కులాలు. పని కులం ఒకటి. కవాసాకీ మ్యూల్ అని 1988 నుంచీ ఉంది, ఇంకా పొలారిస్ రేంజర్, కెన్-ఆమ్ డిఫెండర్, కుబోటా ఆర్‌టీవీ. వీటి పెద్ద రకాల్లో చాలావాటికి వెడల్పు 62 అంగుళాల అటూ ఇటూ. పెద్ద రేంజర్, డిఫెండర్ లాంటి వాటి తొట్టి 1000 పౌండ్లు, అంటే 450 కేజీలు మోస్తుంది. క్రేటు 20 కేజీలనుకుంటే 22 క్రేట్లు. కుబోటా డీజిల్ బండి అయితే వేగం తక్కువే, కానీ అది పొద్దంతా పనిచేయడానికే పుట్టింది. రెండోది ఆట కులం. పొలారిస్ ఆర్‌జెడ్ఆర్ మొదట వచ్చినప్పుడు వెడల్పు 50 అంగుళాలే. మీ అమెరికా అడవుల్లో కొన్ని దారులు 50 అంగుళాల లోపు బండ్లకే కదా, అందుకని అలా చేశారు. దాని తొట్టిలో 300 పౌండ్లే వేయాలి. మన లెక్కలో ఆరు క్రేట్లు! ఇది చెప్పగానే మామ నవ్వాడు, బామ్మర్ది నా వైపు చూసిన చూపు నీకు రాసి చూపించలేను.

ఇక్కడ ఒక బాధ చెప్పాలి. మన దేశంలో ఇలాంటిది ఒకటి వచ్చిందిరా. ఐషర్, పొలారిస్ కలిసి 2015లో మల్టిక్స్ అని తెచ్చారు. డీజిల్ బండి, ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చు, వెనక సరుకు వేసుకోవచ్చు, పైగా అందులోంచి 3 కిలోవాట్ల కరెంటు వచ్చేది, మోటారు ఆడించుకోవచ్చు. 2018లో ఆపేశారు. ఇప్పుడు మామకి దాని ఫోటో చూపిస్తే "ఇది నాకప్పుడు ఎందుకు చెప్పలేదు?" అని నా మీదే ఎగిరాడు. అప్పుడు నాకు పెళ్ళే కాలేదు!

సరే, కాగితాల మీద ఎన్ని చదివినా లాభం లేదని బామ్మర్ది ఎవరినో పట్టాడు. సకలేశపురం వైపు కాఫీ ఎస్టేటు ఆయన తన పాత బండి అమ్ముతాడట. కంపెనీ పేరు రాయను, ఫోటో చూస్తే నువ్వే పోలుస్తావు. పని కులమే, 62 అంగుళాలు. ఒక రోజు తోలి చూసుకోండని లారీ మీద ఎక్కించి, డ్రైవర్‌ని కూడా ఇచ్చి పంపాడు. మనిషి మంచివాడే, చెప్పిన ధర మాత్రం మంచిది కాదు. ఆ డబ్బుకి కొత్త మారుతి జిమ్నీ జీపు వస్తుంది.

లారీ వచ్చేసరికి సగం ఊరు అక్కడే ఉంది. నేను ముందే మామని అడిగాను, గేటు ఎంత వెడల్పని. "లారీ పడుతుంది" అన్నాడు. ఆ తోటలోకి లారీ వెళ్ళగా ఎవరూ చూడలేదు, ఆయనతో సహా. బండి దింపారు, గేటు ముందుకి తెచ్చారు, డ్రైవర్ ఆపి దిగి గేటు స్తంభాలు, అదే ఆ రాతి కూసాలు, అటొకటీ ఇటొకటీ చూసి ఏమీ మాట్లాడకుండా బీడీ వెలిగించాడు. మా అత్త ఇంట్లోకెళ్ళి జాకెట్లు కుట్టే టేపు తెచ్చింది. ఇటు చివర తను పట్టుకుని, అటు చివర నా చేతికిచ్చింది. అరవై! సరిగ్గా అయిదడుగులు. బండి 62.

ఆ రాతి కూసాలు మా మామ వాళ్ళ నాన్న పాతించినవి. ఒక్కొక్కటీ నేలలోకి ఎంత దిగి ఉందో దేవుడికే తెలుసు. బామ్మర్ది "పీకేద్దాం నాన్నా" అన్నాడు. అన్నందుకు వాడికి సాయంత్రం దాకా కాఫీ దొరకలేదు.

చివరికి దున్నడానికి ట్రాక్టర్ వచ్చే దారినే, చెరువు కట్ట మీదుగా పక్క పొలంలోంచి తిప్పుకుని వచ్చాం. ఆ పొలం ఆయనకి పైరు లేదు కాబట్టి సరిపోయింది. పైరు వేస్తే ఆ దారి ఉండదు. ఈ మాట నేను మెల్లగా అన్నాను, ఎవరూ వినిపించుకోలేదు.

ఇప్పుడు అసలు ఘట్టం. మామ ఎక్కాడు. డ్రైవర్ బెల్టు పెట్టుకోమన్నాడు. "నా తోటలో నాకు బెల్టేంది?" అన్నాడు మామ. ఆ మనిషి కదల్లేదు. పక్కకి పడితే పైనున్న ఇనుప పంజరం కాపాడేది బెల్టుతో లోపలే ఉన్నవాణ్ణేనట, చెయ్యో కాలో బయటికి చాపినవాడు దాని కిందే పోతాడట. కన్నడంలో, ఎంతో మర్యాదగా చెప్పాడు. కొన్ని బండ్లు బెల్టు పెట్టకపోతే వేగమే అందుకోవు తెలుసా? మామ పెట్టుకున్నాడు. ఈలోపు కాయ కోసే ఆడవాళ్ళు నలుగురు నవ్వుకుంటూ తొట్టిలో ఎక్కి కూర్చున్నారు. డ్రైవర్ రెండు చేతులూ జోడించి "హిందె యారూ కూరబారదు" అన్నాడు. తొట్టి సరుకుకే, మనుషులకి కాదు. మనుషులు కావాలంటే రెండు వరుసల సీట్లున్న పొడుగు బండి వేరే ఉంటుందట. మామ ముఖం సగం వాడింది. కూలీలని రోడ్డు నుంచి పైకి తీసుకెళ్ళొచ్చని ఆయన ఎప్పటినుంచో మనసులో లెక్కలు వేసుకున్నాడు పాపం.

మా అత్త మాత్రం బండి దగ్గరికే రాలేదు, గడ్డి పరిచిన క్రేటు ఒకటి పట్టుకుని నిలబడింది. అందులో పండిన బాదామి పళ్ళు. కాయ కాదురా, పండు! దాన్ని తొట్టిలో వెనకాల అంచుకి పెట్టించింది. "గుట్ట మీదికి తీసుకెళ్ళి, మళ్ళీ తీసుకురండి. నేను చూస్తా" అంది. మండీలో మచ్చ పడ్డ కాయకి ధర ఉండదు కదా. ట్రాక్టర్ ట్రాలీలో వేస్తే కింది వరుస ఎప్పుడూ దెబ్బతింటుంది, దానికి స్ప్రింగులు ఉండవు మరి. ఈ బండికి నాలుగు చక్రాలకీ దేని స్ప్రింగు దానికి ఉంది. నేను ఇన్ని రాత్రులు హార్స్‌పవర్లు చదివాను, ఈ పరీక్ష మాత్రం నాకు తట్టలేదు.

వచ్చాక ఆమె కింద కూర్చుని పండు పండూ తీసి, తిప్పి, కొంగుతో తుడిచి చూసింది. ఊరంతా చుట్టూ నిలబడి ఉంది. ఎవరూ దగ్గలేదు. చివరికి "పర్లేదు" అంది. మా అత్త నోట పర్లేదంటే ఎంతో నీకు తెలుసు, నా పెళ్ళి విందులో వండినవాళ్ళకి కూడా ఆ మాట రాలేదు.

అయితే వెంటనే ఇంకోటి అంది. ఆ పంజరం ఎత్తు ఆరడుగులు దాటింది. కింది తోటలో తోతాపురి కొమ్మలు కాయ బరువుకి నడుము దాకా వంగి ఉన్నాయి. బండి వెళ్ళిన దారంతా కాయలు రాలాయి. "ఇది కోతకి తెచ్చిన బండా, రాల్చడానికి తెచ్చిన బండా?" అంది. రాలినవన్నీ ఏరించి ఊరగాయకి పంపింది, మాకు కూడా ఒక జాడీ వచ్చింది. నువ్వు వచ్చేదాకా ఉంటే నీ అదృష్టం.

తర్వాత బామ్మర్ది వంతు. వాడి ఆట చూడాలి నువ్వు! పన్నెండు క్రేట్లు వేసుకుని గుట్ట మీదికి ఎగదోశాడు. సగంలో రబ్బరు కాలిన వాసన. ఇలాంటి బండ్లలో చాలావాటికి గేర్ల బదులు రెండు కప్పీల మధ్య రబ్బరు బెల్టు తిరుగుతుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు లివర్‌ని 'లో' రేంజిలో, అంటే నెమ్మదిగా బలంగా లాగే దాంట్లో, పెట్టాలి. వాడు 'హై' రేంజిలోనే ఉంచి తొక్కాడు, బెల్టు జారింది, వేడెక్కింది. డ్రైవర్ పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆపించి, చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పాపం ఆ మనిషి ఆ రోజు ఎన్ని బీడీలు కాల్చాడో. 'లో' రేంజిలో పెట్టాక అదే బండి, అదే బరువు, చప్పుడు లేకుండా ఎక్కింది. దిగేటప్పుడు కాలు తీసేస్తే ఇంజనే పట్టి ఉంచింది, అది మాత్రం నాకు నచ్చింది.

నా అభిప్రాయం అడుగుతావు. రెండు పనులకీ ఒకే బండి అన్న మాట అమ్మేవాళ్ళది. ఆటకైతే సీటు కిందికి, స్ప్రింగు మెత్తగా, తొట్టి చిన్నగా ఉండాలి. పనికైతే అన్నీ తలకిందులు. పైగా మనకి మీలాగ దారులెక్కడివి? అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి చక్రం పెట్టలేం. బెంగళూరు చుట్టుపక్కల ప్రైవేటు ట్రాకులున్నాయి గానీ, అక్కడికి తీసుకెళ్ళాలంటే మళ్ళీ లారీ. ఈ బండికి రిజిస్ట్రేషన్ లేదు, మా ఊరి పంచాయతీ రోడ్డు మీద కూడా తోలకూడదు. ఈ ముక్క చెప్తే బామ్మర్ది "రాత్రిపూట ఎవరు చూస్తారు బావా" అన్నాడు. వాడి అక్క అక్కడే ఉంది కాబట్టి బతికిపోయాడు, లేదంటే నేనే ఏదో ఒకటి అనేవాణ్ణి.

పక్క ఊళ్ళో ఒకాయన 24 హార్స్‌పవర్ కుబోటా నియోస్టార్ చిన్న ట్రాక్టర్ కొన్నాడు. అది మా గేటులో నిక్షేపంగా పడుతుంది, దున్నుతుంది, మందు కొడుతుంది, రిజిస్ట్రేషన్ ఉంటుంది. లెక్క చూస్తే అదే సరి. కానీ లెక్కకి ఆ స్ప్రింగులు అడ్డొస్తున్నాయి, అత్త ఆ పళ్ళు చూసినప్పటి నుంచీ ట్రాక్టర్ మాటెత్తితే పెదవి విరుస్తోంది. అందుకని నేను మధ్యేమార్గం ఒకటి వెతికాను. రేంజర్‌లోనే మధ్యరకం ఒకటి ఉంది, 570 అని, వెడల్పు 58 అంగుళాలు. తొట్టిలో 500 పౌండ్లు, అంటే పదకొండు క్రేట్లు. గేటులో అటో అంగుళం, ఇటో అంగుళం మిగులుతుంది. మామ తోలితే ఆ అంగుళం... వద్దులే, ఆయనకి వినిపిస్తుంది.

అసలు నిన్న మామ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి గుసగుసగా ఏమన్నాడో చెప్పాలి నీకు. కూసాలు పీకడానికి జేసీబీవాడు ఎంత తీసుకుంటాడో బెంగళూరులో కనుక్కోమన్నాడు! మీ అత్తకి చెప్పొద్దు అన్నాడు. నేను మా ఆవిడకి చెప్పాను. ఆమె వాళ్ళమ్మకి... అయ్యో, కరెంటు పోయింది, యూపీఎస్ అరుస్తోంది, పాప లేచింది. 58 అంగుళాల పాతవి అక్కడ ఎంతకి పోతున్నాయో కనుక్కుని రాయి. పంజరం మడిచే వీలున్న రకాలు ఉన్నాయేమో కూడా చూడు, తోతాపురి కోసం. మామ ఏం చేశాడో తర్వాత రాస్తా, ఇప్పుడు లేవకపోతే ఇంట్లో

నీ
బకెట్